గలగలమనే గిన్నె

ఎవరూ తాకలేదు. ఎవరి మోచెయ్యీ తగల్లేదు. ఇంటినిండా జనం చూస్తూ ఉండగానే, తాంబూలాల గిన్నె దానంతటదే ‘టప్‌’మని పగిలింది.

శ్రావణమాసం. బయట తుంపర. కబ్బన్‌పేటలో చెన్నరాయప్ప ఇంటి నడవలో చాపలు పరిచి రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. చెన్నరాయప్పది తరిమెన పని. చెక్కను తరిమెనకు బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి, మంచం కోళ్లు, పప్పుగుత్తులు, అప్పడాల కర్రలు, బొంగరాలు తీసేవాడు. ఒక్కగానొక్క కూతురు అనసూయ నిశ్చితార్థం కదా, ఇత్తడి పళ్లెం వద్దని పంతం పట్టి, తన చేత్తో చేసిన చెక్కగిన్నెనే మధ్యలో పెట్టుకున్నాడు. అందులో నీళ్లు చిలకరించిన తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ములు, పైన కొబ్బరికాయ. పురోహితుడు మంత్రం ముగించాడు. కాబోయే వియ్యంకులిద్దరూ గిన్నెకు చేతులు చాచారు. అంతే. అంచు నుంచి కిందిదాకా గోరు దూరేంత పగులు. కొబ్బరికాయ ఒక పక్కకు ఒరిగింది.

చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి.

“ఏందప్పా ఇది?” అన్నాడు తిమ్మరాయప్ప, పెళ్లికొడుకు తండ్రి.

చెన్నరాయప్ప ఒరిగిన కొబ్బరికాయను నిలబెట్టబోయాడు. అది మళ్లీ ఒరిగింది.

అసలు ఈ సంబంధం కుదిరిందే గిన్నెల వల్ల. తిమ్మరాయప్పకు చిక్కపేటలో ఇత్తడి పాత్రల అంగడి. యుద్ధం వచ్చి ఇత్తడి మాయమైపోయింది, అంగట్లో అరలన్నీ బోసిపోయాయి. టేకు మొద్దులు కూడా మిలిటరీ పెట్టెలకే పోతున్నాయి. చెన్నరాయప్ప మాత్రం ఊరుకోలేదు. పెట్టెల కార్ఖానా బయట పారేసే ముక్కలు ఏరుకొచ్చి, బత్తాయి తొనల్లా కోసి, సరేసు జిగురు కాచి గుండ్రంగా ఒకదానికొకటి అతికించేవాడు. అట్లాంటి కట్లు కొన్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, అడుగున వెడల్పాటి పనస బిళ్ల ఒకటి అంటించి, తరిమెన మీద నున్నగా తీసేవాడు. నల్లటి బీటె చెక్క, ఎర్రటి టేకు, పచ్చటి పనస పక్కపక్కన మెరుస్తుంటే చూసినవాళ్లు అవి తుక్కు ముక్కలంటే నమ్మేవాళ్లు కాదు. వాటిని అంగట్లో పెట్టుకుందామని వచ్చిన తిమ్మరాయప్ప గిన్నెల్ని చూశాడు, పిల్లనూ చూశాడు. ఆ తర్వాత గిన్నెలు తీసుకుపోవడానికి కొడుకు వెంకటేశప్ప రావడం మొదలుపెట్టాడు. అతను వచ్చినప్పుడల్లా అనసూయ ఊడ్చిన నడవనే మళ్లీ ఊడ్చేది. ఇంక ఆ పిల్ల మనసు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

అట్లాంటి సంబంధం ఇప్పుడు పగిలిన గిన్నె ముందర నిలబడిపోయింది.

పాపక్క లేచింది. తిమ్మరాయప్పకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి పెంచి పెద్దచేసిన మనిషి. ఆ ఇంట్లో ఆమె మాటంటే మాటే.

“ఆపండప్పా,” అంది. గొంతు గట్టిగా లేదు గానీ అందరికీ వినబడింది. “నా తాంబూలాల పొద్దు కొబ్బరికాయ కుళ్లింది. అందరూ నవ్వేసినారు. ఏం కాదు, ఇంకోటి కొట్టండి అన్నారు. ఏడాది తిరక్కుండానే నా బతుకు ఏమయిందో మీరే చూసినారు. ఈసారి నేను నవ్వలేనప్పా.”

పురోహితుడు పంచాంగం మూసి సంచిలో పెట్టుకున్నాడు.

“పిల్ల బంగారం. పిల్ల మీద నాకేం లేదు,” అని మళ్లీ ఆమే అంది. “చెన్నరాయప్పా, ఇంకో గిన్నె చేసియ్యి. మా దేవుని గూట్లో పెడతా. ఎండా, వానా, చలీ అన్నీ చూడనీ. నిలిచిందంటే ఆ గిన్నెలోనే తాంబూలాలు మార్చుకుందాం. అంతవరకు వద్దు.”

తలుపు చాటు నుంచి చీపురు కింద పడిన చప్పుడయింది.

జనం వెళ్లిపోయాక చెన్నరాయప్ప గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అడుగు బిళ్ల చెక్కుచెదరలేదు. అంచు కట్టే విచ్చుకుంది. ఎండాకాలంలో, ఎముకలా ఎండిన చెక్కతో చేసిన గిన్నె అది. అతుకులు ఎంత గట్టిగా బిగించాడో ఆయన చేతులకు తెలుసు. మరెందుకు పగిలినట్టు? తిప్పి చూశాడు, మళ్లీ తిప్పి చూశాడు. సరేసు అమ్మినవాణ్ణి తిట్టాడు. కార్ఖానా చెక్కను తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక కెంపమ్మ మీద పడ్డాడు.

వాళ్ల తరిమెన ఒక్కరితో సాగేది కాదు. తోలు వారును రెండు చేతుల్తో అటూ ఇటూ లాగుతుంటే చెక్క తిరుగుతుంది. లాగేది భార్య కెంపమ్మ, ఉలి పట్టేది చెన్నరాయప్ప. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే.

“నువ్వు వారు తిన్నగా లాగి ఉండవు. అందుకే చెక్క అదిరి ఉండాది,” అన్నాడు.

కెంపమ్మ ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది. “అట్లనా? అయితే నీ వారు నువ్వే లాక్కో, నీ ఉలి నువ్వే పట్టుకో. చేతులు ఇంకో రెండు మొలిపించుకో,” అని లేచి వంటింట్లోకి పోయింది. తరువాత ఎంత బతిమాలినా వారు ముట్టలేదు. చివరికి అనసూయ కొంగు బిగించి వారు పట్టింది. తన పెళ్లి గిన్నెకు తానే వారు లాక్కోవాల్సిన గతి ఏ పిల్లకు వస్తుంది చెప్పండి! అయినా పల్లెత్తు మాట అనలేదు. “నాయనా, మెల్లగా తియ్యి. తొందరేం లేదు,” అని మాత్రం అంది. చెన్నరాయప్ప ఉలి అందుకున్నాడు.

ఆ రెండో గిన్నెకు సరేసు రెండింతలు పూశాడు. అడుగు బిళ్లకు చుట్టూ కారేటట్టు పూశాడు. వాన తగ్గకముందే తరగుపేటలోని పెళ్లికొడుకు ఇంటికి తీసుకుపోయాడు. తిమ్మరాయప్ప ఇంటి వీధి తలుపు తేమకు బిగుసుకుని భుజంతో నెడితే గానీ తెరుచుకోలేదు. దాన్ని కూడా నాలుగు తిట్టి లోపలికి పోయి, దేవుని గూట్లో గిన్నె పెట్టి, రెండు చేతులూ జోడించి వచ్చాడు.

దీపావళికి చూశాడు. బాగుంది. కార్తీకంలో చూశాడు. బాగుంది. కెంపమ్మ కోపం కూడా తగ్గి మళ్లీ వారు పట్టింది. మాఘంలో మళ్లీ పోయాడు. చలికాలపు పొడిగాలి వీస్తోంది. వీధి తలుపు వేలితో తోస్తే తెరుచుకుంది. నడవలో పాపక్క ఒక చాట ముందేసుకుని, మెంతులూ నానిన కాగితమూ కలిపి రుబ్బిన ముద్దను వేళ్లతో పూస్తోంది. చాటల సందుల్లోంచి నూకలు జారకుండా అందరూ పూసేదే అది. ఎండితే రాయిలా అవుతుంది. కాకపోతే పాపక్క చాటలకు సందన్నదే ఉండేది కాదు. చీమ దూరే చోటు కనబడినా ఆమెకు నిద్ర పట్టదని తిమ్మరాయప్ప నవ్వేవాడు.

ఆ పొద్దు ఆమె తలెత్తలేదు. “గూట్లో చూడప్పా,” అంది.

గిన్నె అంచు చెక్కుచెదరలేదు. అడుగు బిళ్లే ఈ చివరి నుంచి ఆ చివరికి నిట్టనిలువునా చీలింది.

మొదటిదానికి అంచు పగిలితే అడుగు బాగుంది. దీనికి అడుగు చీలితే అంచు బాగుంది. అదే చెయ్యి, అదే జిగురు, అదే పనస. ఒకటి వానలో పోయింది, ఒకటి పొడిగాలిలో పోయింది. దీని తల ఏది, తోక ఏది? ఎవరైనా నీళ్లు పోశారా? దిష్టి తగిలిందా? గూట్లో దీపం సెగ తగిలిందా? దీపం ఆ మూలకు దూరంగానే ఉంది. పోనీ, ఈమే ఏమైనా చేసిందా అని పాపక్క వైపు అనుమానంగా చూశాడు. ఆమె కళ్లలో నీళ్లు చూసి తన మీద తనకే సిగ్గేసింది.

“ఇంకొక్కటి, అక్కా,” అని తిమ్మరాయప్పే అక్కను బతిమాలాడు. “పిల్లోడు సరిగా అన్నం తినకుండా ఉండాడు.”

పాపక్క చాట పక్కన పెట్టింది. “ఇంకొక్కటే. అదే కడది,” అంది. “అది కూడా పగిలిందంటే, ఆ పిల్లను ఇంకో ఇంట్లో చల్లగా ఉండనీ. మన ఇంటికి తెచ్చి చెరపొద్దు.”

అప్పటికే ఊళ్లో మాట పాకిపోయింది. చెన్నరాయప్పకు చేతివాసి పోయిందట. అప్పడాల కర్ర కొనడానికి వచ్చినవాళ్లు కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి, పగుళ్లు వెతికి, “మళ్లా వస్తాములే” అని జారుకోసాగారు. ఆయన తరిమెన ముందు కూర్చునేవాడు గానీ ఉలి పట్టేవాడు కాదు. ఏం చేయాలో తెలిస్తే కదా పట్టడానికి? కడది అన్న మాట చెవిలో గుయ్యిమంటోంది. గట్టిగా అతికిస్తే పగులుతోంది. ఇంకా గట్టిగా అతికిస్తే ఇంకా గట్టిగా పగులుతోంది. అంతకన్నా ఏం చేయగలడు మనిషి!

ఫాల్గుణం వచ్చింది. ఆకాశం తళతళలాడుతోంది. పొరుగింట్లో అప్పడాలు ఆరేసుకుంటున్నారు. ఆ వైపు మాటలో హప్పళాలు. అనసూయ పిండి కలపడానికి కూర్చుంది.

“ఉండు,” అంది కెంపమ్మ. పొయ్యి పక్కనుంచి ఒక మురికి గిన్నె తీసి, అందులోని చింతపండు పక్కన పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఏ చప్పుడూ రాలేదు. “ఈ పొద్దు వద్దే. ఇది మాట్లాడలేదు.”

“ఇంత ఎండ కాస్తా ఉంటే హప్పళాలు యాల వద్దు?” అన్నాడు చెన్నరాయప్ప.

“గిన్నె గలగలమంటేనే హప్పళాలు ఎండేది. ఇది మూగబోయిందంటే గాల్లో తడి ఉన్నట్టు. ఇన్నేళ్లుగా చూస్తా ఉండాను, ఒక్కసారి తప్పితే అడుగు.”

చెన్నరాయప్ప ఫక్కున నవ్వాడు. ఊళ్లోవాళ్లు తన గిన్నెల్ని చూసి నవ్వినట్టే నవ్వాడు. సాయంత్రానికి మబ్బులు కమ్ముకుని టపటపా వాన కొట్టింది. పొరుగింటి హప్పళాలన్నీ ముద్దయిపోయాయి. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ గిన్నె ఆయనకు తెలుసు. తెలియకేం, తాను చేసిన మొట్టమొదటి ముక్కల గిన్నె అదే. యుద్ధం మొదలైన కొత్తలో చేశాడు. అప్పుడు అడుగు బిళ్లను అతికించలేదు. అంచు కట్టులో లోపలివైపు గాడి తీసి, అందులో బిళ్లను కూర్చోబెట్టి, మీద ఇంకో కట్టు మూశాడు. తీరా చూస్తే బిళ్ల కొలత తప్పి చిన్నదయింది, గాడిలో కదిలింది. ఊపితే గలగల. ఛీ, ఇదీ ఒక పనేనా అని బల్ల కిందికి గిరాటేశాడు. కెంపమ్మ తీసుకుని చింతపండు పోసుకుంది. ఆ పొద్దు నుంచీ గాడి అన్న మాటే మానేసి, అడుగు కదలకుండా నేరుగా జిగురుతో అంటించడం మొదలుపెట్టాడు. తన తప్పు తన కంటబడకూడదని ఆ పొయ్యి వైపు చూసేవాడే కాదు.

అట్లాంటి తప్పుడు గిన్నె ఇన్ని వానలు, ఇన్ని ఎండలు చూసింది. పొయ్యి సెగలో ఉంది, చింతపండు పులుపు తాగింది. ఒక్క పగులు లేదు.

మూడు రోజులు ఎండ కాసింది. మూడో పొద్దు కెంపమ్మ ఊపితే గిన్నె గలగలమంది. చెన్నరాయప్ప దాన్ని లాక్కుని గడపలో వెలుగులో పెట్టుకున్నాడు. వాన పడిన రాత్రి గాడి సందులో పెట్టి చూసిన సన్నటి పుల్లనే మళ్లీ పెట్టి చూశాడు. బిళ్లలో నార సాగే వైపు సందు అప్పుడు ఉన్నంతే ఉంది. నారకు అడ్డంగా మాత్రం, వానప్పుడు పుల్ల దూరని చోట ఇప్పుడు సులువుగా దూరింది. బిళ్ల సన్నబడింది! మళ్లీ తడి తగిలితే ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న ముక్కల్లో నార అంచు వెంబడే సాగుతుంది కాబట్టి ఆ కట్టు పెద్దగా పెరగదు, తరగదు. లోపల ఉబ్బే బిళ్లకు చోటు లేకపోతే అంచును పగలగొట్టుకుని పోతుంది. సన్నబడే బిళ్లను జిగురు వదలకపోతే తనను తానే చీల్చుకుంటుంది.

తిమ్మరాయప్ప ఇంటి తలుపు కళ్ల ముందు కదిలింది. వానకు బిగిసింది, చలికి వదిలింది. చెన్నరాయప్ప ఠపీమని నుదురు కొట్టుకున్నాడు. చెక్కల మధ్య పుట్టి పెరిగినవాడికి తలుపు ఉబ్బుతుందని తెలియదా? తెలుసు. తలుపు ఉబ్బుతుంది గానీ, ఇంత నున్నగా తీసిన నా గిన్నె ఎందుకు ఉబ్బుతుంది అనుకున్నాడు. మనిషి గర్వం అట్లా ఉంటుంది మరి.

అయినా ఒకటి అంతు పట్టలేదు. “అడ్డంగా పెరుగుతాది, నిలువుగా పెరగదు. యాల?” అని కెంపమ్మను అడిగాడు.

“నన్నడిగితే? నాకు హప్పళాలు ఎండితే చాలు,” అంది ఆమె.

మూడో గిన్నెను గాడి తీసి చేశాడు. బిళ్ల చుట్టూ చోటు వదిలాడు, ఒక్క చుక్క జిగురు పూయలేదు. ఉగాది వెళ్లాక, ఎండలు మండుతుండగా పాపక్క చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ ఊపి చూసింది. గలగల.

“ఏందప్పా, అడుగు ఊగుతా ఉండాది?”

“అది అట్లనే ఉండాల, అక్కా.”

“ఊగితే ఎట్లప్పా నిలిచేది?”

“ఊగుతాది కాబట్టే నిలుస్తాది,” అన్నాడు. అంతకు మించి విడమరచి చెప్పడం ఆయనకు చేతకాలేదు. తనకే సగం అర్థమయింది, ఆ సగం కూడా చేతులకే గానీ నోటికి రాలేదు. పాపక్క దిగులుగా తలూపి గిన్నెను గూట్లో పెట్టింది.

వానలు మొదలయ్యాయి. ఈసారి చెన్నరాయప్పకు బెంగ లేదు. ఇంక ఏ వానైనా రానీ అనుకున్నాడు. శ్రావణం వచ్చింది. ఒక పొద్దున వెంకటేశప్ప గొడుగు కూడా లేకుండా తడుస్తూ వచ్చి గడపలో నిలబడ్డాడు. అనసూయ వైపు చూడలేక నేల చూపులు చూస్తూ, “గిన్నె పగిలింది మామా,” అన్నాడు.

అనసూయ ఏడవలేదు. ఊడుస్తున్న చీపురును గోడకు ఆనించి, వెళ్లి తరిమెన ముందు కూర్చుని, రెండు చేతుల్లోకి వారు తీసుకుంది. లాగలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంది. అది చూసి చెన్నరాయప్ప అక్కడ నిలబడలేకపోయాడు.

దారి పొడుగునా ఆయనకు బుర్ర పనిచేయలేదు. చోటు వదిలాడు కదా! జిగురు పూయలేదు కదా! అయితే పొయ్యి పక్క గిన్నె చెప్పింది కూడా అబద్ధమేనా? నిజంగా చేతివాసి పోయిందా? తరగుపేట ఇంటి తలుపు బిగుసుకుని ఉంది. భుజంతో నెట్టి లోపలికి పోయాడు.

తిమ్మరాయప్ప గూటి వైపు చెయ్యి చూపాడు. పాపక్క స్తంభానికి ఆనుకుని కూర్చుంది. గూట్లో గిన్నె అంచు విచ్చుకుని ఉంది, అచ్చం మొదటిదానిలాగే. చెన్నరాయప్ప దాన్ని తీసి చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. వాన కదా, బిళ్ల ఉబ్బి ఉంటుంది, సరే. బోర్లించాడు. ముక్కుకు ఏదో వాసన తగిలింది. మెంతుల వాసన.

గాడి సందులో గోరు పెట్టి గీకాడు. రాయిలా ఉంది. ఇంకా గీకితే బూడిదరంగు పెచ్చు ఊడి వచ్చింది. దాని మీద కాగితం పోగు. సందు చుట్టూరా, ఒక్క చోటు కూడా వదలకుండా, నేర్పుగా నింపి ఉంది.

“అక్కా,” అన్నాడు. “దీనికి మెంతిముద్ద పూసినావా?”

పాపక్క ముఖం తెల్లబోయింది. “పూసినానప్పా. నువ్వు ఇచ్చిపోయిన వారంలోనే. అడుగు ఊగుతా ఉంటే నాకు ప్రాణం నిలవలేదు. ఈసారి పగలకూడదని, ఎట్లైనా పిల్ల మా ఇంటికి రావాలని, సందు లేకుండా నేనే గట్టిగా పూసినా.” ఆయన చేతిలోని పెచ్చు చూసింది, ఆయన ముఖం చూసింది. మెల్లగా అర్థమయింది. “అంటే… నేనేనా పగలగొట్టింది?”

చెన్నరాయప్ప నోరు తెరిచాడు. ఒక ఏడాది కోపం నాలుక చివరికి వచ్చి నిలబడింది. అవును నువ్వే అని ఒక్క మాట అంటే చాలు. చేతివాసి పోయింది తనకు కాదని ఊరందరికీ తెలిసిపోతుంది.

ఆ మాట ఆయన అనకముందే పాపక్కే అంది. “నా చెయ్యి మంచిది కాదప్పా. నా తాంబూలాల పొద్దు కుళ్లిన కొబ్బరికాయ కూడా నేను తాకిందే. తాంబూలాలు మార్చుకోండి, పెళ్లి చేసుకోండి. నేను ఆ పక్కకు రాను. మా ఊర్లో చిన్నాయన కొడుకు ఇంటికి పోయి ఉంటాను.”

“అక్కా!” అని అరిచాడు తిమ్మరాయప్ప.

నిజం చెప్పాలంటే, చెన్నరాయప్పకు కావలసింది దొరికింది. అడ్డు తొలగింది. తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. కానీ స్తంభానికి ఆనుకున్న ఆ ముసలి మనిషి తన రెండు చేతుల్ని పరాయి చేతుల్ని చూసినట్టు చూసుకుంటోంది. ఏడాదిగా ఆయన కూడా తన చేతుల్ని అట్లాగే చూసుకున్నాడు. ఆ చూపు ఎంత నొప్పో ఆయనకు తెలుసు. కోపమంతా ఎటు పోయిందో పోయింది.

“ఏమక్కా, లెక్క తప్పు చెప్తా ఉండావు,” అన్నాడు. “నువ్వు పగలగొట్టింది ఒకటే. ముందటివి రెండూ పగలగొట్టింది నేను. నేనే ఊరు విడిచిపోకుండా ఉంటే నువ్వు యాల పోయేది?”

పాపక్క అయోమయంగా చూసింది.

“నువ్వు మెంతిముద్దతో బిగించినావు, నేను సరేసుతో బిగించినా. మన ఇద్దరికీ భయమే. దానికి చోటు వదలాలని ఇద్దరికీ తోచలేదు. ఎండా వానా చూసిన గిన్నె కావాలంటివి కదా? మా ఇంట్లో ఉండాది. ఐదేళ్లుగా ఉండాది. చూసేకి బాగుండదు, చింతపండు కంపు కొడతాది. రేపు తెస్తా.”

మరునాడు తెచ్చాడు. కెంపమ్మ బూడిదేసి తోమింది గానీ నలుపు పోలేదు. పాపక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని, సందు చుట్టూ వేలు తిప్పింది. వేలు ఆగిన చోటల్లా చెన్నరాయప్పకు ఊపిరి ఆగింది.

“ఇంత సందు ఉండాది,” అంది నమ్మలేనట్టు. “ఐదేళ్లు?”

“ఐదేళ్లు.”

“పూయకూడదా?”

“పూయకూడదు, అక్కా.”

ఆమె చేతులు మళ్లీ ఒకసారి సందు దగ్గరికి పోయాయి. బలవంతాన వెనక్కి తీసుకుంది.

ఆ శ్రావణంలోనే ఆ నల్లటి గిన్నెలో తాంబూలాలు మార్చుకున్నారు. పాపక్క గది లోపలే ఉండిపోబోతే చెన్నరాయప్ప ఒప్పుకోలేదు. గిన్నెను నడవలోకి ఆమె చేతనే తెప్పించాడు. తమలపాకులు పెట్టాక అందరూ దాని వైపే చూశారు. అది మూగగా, నిబ్బరంగా కూర్చుంది. చింతపండు వాసన మాత్రం పురోహితుడిదాకా కొట్టింది.

పెళ్లి మాఘంలో అయింది. అనసూయతోపాటు గిన్నె కూడా తరగుపేటకు పోయింది. కూతుర్ని పంపేటప్పుడు కెంపమ్మ కంట నీరు పెట్టలేదు. అందరూ ఆశ్చర్యపోయారు. ఇంటికొచ్చాక మాత్రం గిన్నె కోసం సణుగుడు మొదలుపెట్టింది. “పిల్లను ఇస్తిమి, సరే. గిన్నె కూడా యాల ఇచ్చినట్టు? ఇప్పుడు హప్పళాలు ఎప్పుడు పెట్టాలో నాకు చెప్పేదెవరు?” పోరు పడలేక చెన్నరాయప్ప అట్లాంటిదే ఇంకొకటి చేసిచ్చాడు. అదీ గలగలమంది. ఆమెకు నచ్చలేదు. “ఇది సుమ్మనే, పనీపాటా లేకుండా వాగుతా ఉండాది,” అని దాన్ని మూలకు తోసింది. పొయ్యి పక్క చోటు ఖాళీగానే ఉంచింది. చెన్నరాయప్ప వారు లాగమంటే లాగేది గానీ, మధ్యలో ఆగి ఆ చోటు వైపు చూసేది. ఏమయిందని అడిగితే ఏం లేదనేది. చెక్క గురించి కాస్తో కూస్తో తెలిసింది గానీ, ఈమె సంగతి ఆయనకు అంతుపట్టలేదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున పాపక్క వచ్చింది. అంత దూరం నడిచి వచ్చి, గడపలో కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఏమక్కా, అంతా బాగుండారా?” అని చెన్నరాయప్ప కంగారుగా లేచాడు.

“బాగుండారప్పా. కెంపమ్మ యాడ?” అంది రొప్పుతూ. కెంపమ్మ వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. “ఏమే కెంపమ్మా, పొద్దున్నే గిన్నె గలగలమనిందంట. ఈ పొద్దు హప్పళాలు పెట్టుకో అని మీ పిల్ల చెప్పమనింది. అది చెప్పేకే వచ్చినా.”

కెంపమ్మ కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెళ్లిలో ఏడవని ఏడుపంతా అక్కడే నిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, “ఇంత పొద్దెక్కినాకనా చెప్పి పంపేది? పిండి ఎప్పుడు కలపాల, ఎప్పుడు వత్తాల?” అని కసిరి లోపలికి పోయింది.

చెన్నరాయప్ప ఉలి పక్కన పెట్టి, అప్పడాలు ఆరేసే పాత పంచె వెతకడానికి లేచాడు.